మూసీ నుంచి సముద్రం దాకా: ఆల్చిప్పల్లో లోహాల లెక్క

హైదరాబాద్ ఎల్‌బీ నగర్ నుంచి సముద్రం చాలా దూరం. విజయవాడ హైవే మీద రాత్రి బస్సెక్కితేగాని తెల్లారేసరికి తీరం దరిదాపుల్లోకి చేరం. మన కాలనీల మురుగు మాత్రం రోజూ ఆ దారినే పోతోంది. సరూర్‌నగర్ చెరువు నిండితే ఆ నీళ్లు చైతన్యపురి వైపు నుంచి మూసీలోకి దిగుతాయి. నాగోలు వంతెన కింద నురగతో సాగే ఆ మూసీ సూర్యాపేట దగ్గర సోలిపేట జలాశయంలో ఆగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. నగరం దాటేలోపే పారిశ్రామికవాడలు, లోహాలకు పూత పూసే షెడ్లు, పాత బ్యాటరీలు విప్పే కొట్లు తమ వంతు కలుపుతాయి. ఆ సీసం, క్రోమియం, జింకు, కాడ్మియం ఎంతవరకు పోతున్నాయి? ఎక్కడ ఆగుతున్నాయి? సముద్రానికి చేరేదెంత?

ఈ రకం ప్రశ్నలకు ప్రపంచం యాభై ఏళ్లుగా ఆల్చిప్పల దగ్గర జవాబు వెతుకుతోంది. ఆల్చిప్పలనే మాటను ఇక్కడ రెండు చిప్పల జీవులన్నిటికీ వాడుతున్నాను: రాళ్లను పట్టుకుని పెరిగే మసెల్స్, ఆయిస్టర్లు, బురదలో ఉండే గుల్లలు. ఇంతకాలం జరిగిన పని చూస్తే నాకు ఒకటి గట్టిగా అనిపిస్తోంది. వీటిలోని లోహాన్ని ఒకసారి కొలిచి వదిలేస్తే దాని వల్ల ఒరిగేది చాలా తక్కువ. అదే చోట, అదే జాతిని, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి కొలిస్తేనే అది ఉపయోగపడే జ్ఞానమవుతుంది. తెలుగు తీరానికి ఆ జీవులున్నాయి, ప్రయోగశాలలున్నాయి, చదువుకున్న మనుషులున్నారు. కావలసింది ఎడతెగని వరస.

నీళ్లనే తీసుకెళ్లి పరీక్షిస్తే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. సముద్రపు నీటిలో సీసం, కాడ్మియం లాంటివి లీటరుకు నానోగ్రాముల లెక్కన ఉంటాయి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. అంత తక్కువ మోతాదు దగ్గర పడవ రంగు, ఇనుప తాడు, సీసా మూత, ప్రయోగశాల గాలిలోని దుమ్ము కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. సీసం ఐసోటోపులతో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన కాల్టెక్ శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్, ఆ తర్వాత సముద్రంలో సీసం కొలవబోయి ఈ చిక్కునే ఎదుర్కొన్నాడు. అప్పటిదాకా అచ్చయిన అంకెల్లో చాలావరకు సముద్రానివి కావని, కొలిచేవాళ్ల చేతుల్లోంచి, పాత్రల్లోంచి చేరిన మలినమని ఆయన చూపించాడు. దుమ్ము లేని గదులు కట్టి, ఆమ్లంతో పదే పదే కడిగిన సీసాలు వాడితేగాని అసలు అంకె బయటికి రాలేదు. ఇంకో ఇబ్బంది కాలానిది. పొద్దున పోటులో తీసిన నీరు సాయంత్రం ఆటులో తీసిన నీరు కాదు. ఏ ఫ్యాక్టరీ అయినా అర్ధరాత్రి వదిలేసి ఊరుకుంటే, మర్నాడు మధ్యాహ్నం తీసిన సీసాలో దాని జాడే ఉండకపోవచ్చు.

ఆల్చిప్ప ఈ రెండు ఇబ్బందులనూ చాలావరకు తీరుస్తుంది. అది మొప్పల మీది సన్నని నూగుతో గంటకు లీటర్ల కొద్దీ నీళ్లు లోపలికి లాగి, తేలే నాచును, రేణువులను వడకట్టుకుని తింటుంది. నీటిలో కరిగిన లోహం మొప్పల గుండా, రేణువులకు అంటుకున్న లోహం పేగు గుండా ఒంట్లో చేరుతుంది. ఒంట్లో చేరిన కాడ్మియం, రాగి, జింకులను మెటలోథయోనిన్ అనే చిన్న ప్రొటీన్ పట్టుకుంటుంది. కొంత లోహం కణాల్లోనే పలుకులుగా గట్టిపడి ఉండిపోతుంది. ఫలితంగా దాని కండలో లోహం చుట్టూ ఉన్న నీటిలో కంటే వేల రెట్లు, కొన్ని లోహాల విషయంలో లక్ష రెట్ల దాకా ఎక్కువవుతుంది. నానోగ్రాములతో కుస్తీ పట్టాల్సిన పని తప్పి, మామూలు జాగ్రత్తతో కొలవగల మోతాదు చేతికొస్తుంది. పైగా అది పుట్టి పెరిగిన చోటు వదలదు. దాని ఒంట్లోని అంకె గడిచిన కొన్ని వారాల, నెలల సగటు.

ఈ ఆలోచనకు పథకం రూపం ఇచ్చింది అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్. 1975లో మెరైన్ పొల్యూషన్ బులెటిన్ పత్రికలో ఆయన మసెల్ వాచ్ అనే పేరుతో, తీరాలన్నిటా ఆల్చిప్పలతో కాలుష్యాన్ని కనిపెట్టి ఉండాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాదే అమెరికా తీరంలో ఆ పని మొదలైంది. 1986 నుంచి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా దాన్ని శాశ్వత కార్యక్రమంగా నడుపుతోంది. 1992లో అది మంచినీటి మహాసరస్సులకు కూడా విస్తరించింది. అంతకుముందే ఆల్చిప్పల సాక్ష్యం ఎంత బరువైనదో జపాన్ చూసింది. మినమాటా అఖాతం ఒడ్డున 1956లో ఒక వింత జబ్బు బయటపడినప్పుడు కారణమేమిటో ఎవరికీ తెలియలేదు. తర్వాతి ఏళ్లలో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ అఖాతంలోని చిప్పజీవుల నుంచే సేంద్రియ పాదరసాన్ని వేరు చేసి చూపగలిగారు.

నోవా రెండు దశాబ్దాల ఫలితాలను 2008లో ఒక చోట చేర్చి ప్రచురించింది. డీడీటీ, పడవల అడుగున పూసే ట్రైబ్యుటైల్‌టిన్ లాంటి నిషేధిత రసాయనాలు స్పష్టంగా తగ్గుతున్నాయని తేలింది. లోహాల్లో మాత్రం చాలావాటికి దేశవ్యాప్తంగా ఎక్కడమో దిగడమో కనిపించలేదు. ఇది నిరాశపరిచే ఫలితం కాదు. రసాయనాన్ని నిషేధిస్తే అది క్రమంగా విరిగిపోతుంది. లోహం విరిగిపోదు, అడుగు మట్టిలో చేరి, మట్టి కదిలినప్పుడల్లా మళ్లీ పైకొస్తుంది. ఇరవై ఏళ్ల వరస ఉండబట్టే ఆ తేడా కళ్లకు కట్టింది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురుబావి పేలినప్పుడు, చమురు చేరకముందు ఆ తీరం ఎలా ఉండేదో చెప్పడానికి ఆ పాత వరసే పనికొచ్చింది.

మూసీ ఒడ్డున ఉన్న మనం అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సింది ఫ్రాన్స్ కథ. ఆ దేశం 1979 నుంచి తన తీరమంతా మసెల్స్, ఆయిస్టర్లలో లోహాలు కొలుస్తోంది. మొదటి నుంచీ జిరోండ్ నదీముఖం దగ్గరి ఆయిస్టర్లలో కాడ్మియం విపరీతంగా కనిపించింది. చుట్టుపక్కల అంత కాడ్మియం వదిలే పరిశ్రమ లేదు. మూలం నది వెంట 300 కిలోమీటర్లకు పైగా ఎగువన, డెకాజ్‌విల్ అనే గనుల ఊళ్లో జింకు ఖనిజం శుద్ధి చేసే కర్మాగారం దగ్గర దొరికింది. దాని వ్యర్థం రియూ మోర్ అనే చిన్న వాగులోకి, అక్కడి నుంచి లాట్ నదిలోకి, తర్వాత గరోన్‌లోకి, చివరికి సముద్రపు ఆయిస్టర్‌లోకి చేరింది. అక్కడ ఖనిజ శుద్ధి 1987లో ఆగిపోయింది. అయినా ఆ నదీముఖంలో తినడానికి ఆయిస్టర్లు పట్టడాన్ని 1996లో నిషేధించాల్సి వచ్చింది. లాట్ నది జలాశయాల అడుగున పేరుకున్న మట్టి, వరద వచ్చినప్పుడల్లా దాచుకున్న కాడ్మియాన్ని కొంచెం కొంచెం వదులుతూనే ఉంది. సోలిపేట, పులిచింతల జలాశయాల పేర్లు తలచుకుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఆనకట్టలు లోహాన్ని సముద్రం దాకా పోకుండా ఆపుతాయి, నిజమే. ఆగిన లోహం అక్కడే కూడుతుందన్నది కూడా అంతే నిజం.

తైవాన్‌లో 1986 జనవరిలో ఎర్జిన్ నది ముఖం దగ్గర ఆయిస్టర్లు పచ్చబడ్డాయి. పాత లోహపు తుక్కును ఆమ్లంతో కడిగి రాగి తీసే పనివల్ల నదిలో చేరిన రాగే కారణం. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ రాగి గనుల దిగువన ఇలాంటి పచ్చ ఆయిస్టర్లను పంతొమ్మిదో శతాబ్దంలోనే గమనించారు. ఆసియాలో పచ్చ అంచు మసెల్‌ను ఆధారం చేసుకుని, జపాన్‌లోని ఎహిమే విశ్వవిద్యాలయానికి చెందిన షిన్‌సుకే తనబే బృందం 1990ల్లో ఆసియా పసిఫిక్ మసెల్ వాచ్ నడిపింది. భారత తీరపు నమూనాలూ అందులో ఉన్నాయి. వారి దృష్టి మాత్రం ఎక్కువగా పురుగుమందుల మీద, పడవల రంగుల మీద ఉండేది.

ఇక మన తీరం. పెర్నా విరిడిస్ అని శాస్త్రజ్ఞులు పిలిచే పచ్చ అంచు మసెల్ విశాఖ ఓడరేవు గోడలకూ దిమ్మెలకూ గుత్తులుగా పట్టుకుని పెరుగుతుంది. 1933లో ప్రారంభమైన ఆ రేవు లోపలి భాగం మూసుకున్నట్టుండే నీటి మడుగు. నగరపు మురుగు, మేఘాద్రిగెడ్డ నీరు, చుట్టూ ఉన్న రిఫైనరీ, ఎరువుల కర్మాగారాల ప్రభావం అంతా అందులోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి, జాతీయ సముద్రశాస్త్ర సంస్థ విశాఖ ప్రాంతీయ కేంద్రం నుంచి ఆ రేవు నీటి మీద, అడుగు మట్టి మీద ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. చేపలు గుంపులుగా చచ్చి తేలిన ఘటనలూ నమోదయ్యాయి. 1977లో మొదలైన హిందుస్థాన్ జింక్ కర్మాగారం 2012లో మూతపడింది. జింకు ఖనిజంలో కాడ్మియం ఎప్పుడూ తోడుగా ఉంటుంది గనక, ఆ మూతపడటం ఒక అరుదైన అవకాశం ఇచ్చింది. ఒక పెద్ద జింకు కర్మాగారం ఆగిపోయాక దగ్గరి సముద్రంలోని మసెల్ ఒంట్లో జింకు, కాడ్మియం ఎన్నేళ్లలో, ఎంత తగ్గుతాయి? 1977కి ముందు నుంచి ఒకే చోట ఒకే జాతి వరస ఉండి ఉంటే దీనికి జవాబు ఒక్క గీతలో గీసి చూపొచ్చు. విడివిడి థీసిస్‌లు, విడివిడి పద్ధతులతో ఆ గీత గీయడం కుదరదు.

కాకినాడ అఖాతంలో కథ వేరు. అక్కడ దొరికే బుడిత గుల్లను తెరిస్తే నెత్తురు రంగు ద్రవం కారుతుంది. చాలా చిప్పజీవుల్లో కనిపించని హిమోగ్లోబిన్ దీని రక్తంలో ఉంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో బతకడానికి అదే ఆధారం. ఆ బురద గోదావరి పాయలు తెచ్చి పోసినది, పక్కనే కోరింగ మడ అడవులు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన కె.ఎ. నరసింహం ఈ గుల్ల ఎంత కాలంలో ఎంత పెరుగుతుందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో ఏళ్ల తరబడి గమనించి రాశారు. అది మత్స్య సంపద కోసం చేసిన పని. కానీ గుల్ల పొడవు చూసి వయసు చెప్పడం తెలియకపోతే, దానిలోని లోహం ఎన్ని నెలల్లో కూడిందో చెప్పలేం. అందుకే లోహాలు కొలిచేవాళ్లకు ఆ పాత వ్యాసాలు ఇవాళ్టికీ మూలధనం. అదే అఖాతంలో ఒక పక్క ఎరువుల కర్మాగారాలు, ఇంకో పక్క రేవు, మధ్యలో గుల్లలు ఏరి పొట్టపోసుకునే కుటుంబాలు. ఎక్కడ కొలవాలో అని వెతుక్కోవాల్సిన పని లేదు.

మనదేశంలో నీటిని, అడుగు మట్టిని, జీవరాశిని కలిపి చూసే కోమాప్స్ కార్యక్రమం 1991లో మొదలైంది. ఇప్పుడు చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం దాన్ని వేరే పేరుతో నడుపుతోంది. విశాఖ, కాకినాడ దాని పరిధిలోనివే. ఆ కార్యక్రమం ఉన్నందుకు సంతోషించాలి. ఏ ఏడాదికా ఏడాది ఆల్చిప్పల అంకెలను మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా తెలుగులో ముందు పెట్టే ఏర్పాటు కూడా దానికి తోడైతే ఇంకా సంతోషిస్తాను.

ఈ పద్ధతిలో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో కొంచెం వివరంగా చెప్పాలి. పత్రికల్లో వచ్చే భయాలు, ధీమాలు రెండూ ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ప్రయోగశాలలో మసెల్‌ను మొదట శుభ్రమైన సముద్రపు నీటిలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు, పేగులోని బురద బయటికి పోవాలని. లేకపోతే మట్టిలోని లోహం కండ లెక్కలో పడుతుంది. చిప్ప పొడవు కొలుస్తారు. రాళ్లను పట్టుకునే దారపు పోగులను కోసేస్తారు. చిప్ప తెరవడానికి ప్లాస్టిక్ చాకో, సెరామిక్ చాకో వాడతారు. స్టీలు చాకు తగిలితే క్రోమియం, నికెల్ అంటుకునే ప్రమాదం ఉంది. తెరవగానే రంగు కనిపిస్తుంది: ఆడదైతే నారింజ, మగదైతే మీగడ తెలుపు. ఆ రంగు గుడ్లు, శుక్రకణాలతో నిండిన జననగ్రంథులది. గుడ్లు వదిలాక ఒంటి బరువు చప్పున పడిపోతుంది. లోపలున్న లోహం అంతే ఉన్నా, గ్రాముకు లెక్క వేస్తే పెరిగినట్టు కనిపిస్తుంది. ఫిబ్రవరిలో తీసినదాన్ని, మే నెలలో తీసినదాన్ని పక్కపక్కన పెట్టి కాలుష్యం పెరిగిందని రాస్తే అది తప్పు. ఆ తర్వాత కండను గడ్డకట్టించి ఎండబెట్టి, పొడి చేసి, నత్రికామ్లంలో కరిగించి యంత్రంలో కొలుస్తారు. ప్రతి విడతలోనూ అంకె ముందే తెలిసిన ప్రామాణిక మసెల్ పొడిని కూడా కొలుస్తారు. అది సరిగ్గా రాకపోతే ఆ విడత మొత్తం పక్కన పెట్టాల్సిందే.

ఎండు లెక్క, పచ్చి లెక్క ఇంకో చిక్కు. ఉదాహరణకు కాడ్మియం ఎండు పొడిలో కిలోకు 4 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. పచ్చి కండలో నూటికి 80 పాళ్లు నీరే అయితే, పచ్చి లెక్కన అది 0.8. యూరప్ ఆహార పరిమితి కిలో పచ్చి కండకు 1 మిల్లీగ్రాము. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ఆయిస్టర్లు, స్కాలప్‌లు తప్ప మిగతావాటికి 2. ఎండు అంకెను పచ్చి పరిమితితో పోల్చినవాళ్లు నాలుగు రెట్ల విషం అని శీర్షిక పెడతారు. నిజానికి ఆ నమూనా పరిమితి లోపలే ఉంది. దీనికి ఎదురుగా జరిగే పొరపాటు కూడా ఉంది. తినడానికి పనికొస్తుంది గనక సముద్రం బాగుందని తేల్చేయడం అది. నిన్న 0.2 ఉన్న చోట ఇవాళ 0.8 ఉంటే, తినేవాడికి ఇంకా భయం లేకపోయినా, ఎగువన ఏదో జరిగిందని అర్థం. ఆహార భద్రత, నిఘా ఒకే అంకెను రెండు ప్రశ్నలతో చూస్తాయి.

జాతుల తేడా అన్నిటికంటే పెద్దది. ఆయిస్టర్ జింకును, రాగిని దాచుకుంటూ పోతుంది. మసెల్ తన ఒంట్లో జింకును చాలావరకు అదుపులో ఉంచుకుంటుంది. అందువల్ల శుభ్రమైన నీటిలోని ఆయిస్టర్‌లో కూడా జింకు మసెల్ కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. భీమిలి ఆయిస్టర్‌ను విశాఖ రేవు మసెల్‌తో పోల్చి ఏ ఊరి నీరు మంచిదో చెప్పలేం. గోదావరి వరదలో ఉప్పు తగ్గితే నీటిలో కాడ్మియం మరింత తేలిగ్గా ఒంట్లోకి దూరుతుంది. విశాఖ తీరంలో లోతు నీరు పైకి ఎగదన్నే నెలల్లో, ఫాస్ఫేట్‌తో పాటు సహజమైన కాడ్మియం కూడా పైకొస్తుంది. దానికి ఏ ఫ్యాక్టరీనీ తప్పుపట్టలేం. ఆర్సెనిక్ మొత్తం అంకె చూసి బెదిరిపోకూడదు, సముద్ర జీవుల్లో దానిలో అధిక భాగం హాని చేయని సేంద్రియ రూపంలో ఉంటుంది. మిథైల్ పాదరసానికి ఆల్చిప్ప ఒక్కటే చాలదు, అది ఆహారపు గొలుసులో పైపైకి పోయి పెద్ద చేపల్లో కూడుతుంది.

ఇంకో పరిమితి మన మూసీకి నేరుగా తగులుతుంది. ఆల్చిప్ప బతికి ఉంటేనే లోహాన్ని కూడబెట్టుకుంటుంది. ఆక్సిజన్ కరువైన మురుగులో అది నిలవదు. తెలంగాణ చెరువుల్లో, నదుల్లో పెరిగే మంచినీటి ఆల్చిప్పను వల సంచిలో పెట్టి నాగోలు దగ్గర దింపితే, నివేదిక చేతికి రాకముందే చచ్చిపోవచ్చు. కాలుష్యం అన్నిటికంటే ఎక్కువున్న చోటే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. దీనికి హాంకాంగ్ నుంచి ఒక జవాబు వచ్చింది. 2007లో రుడాల్ఫ్ వూ బృందం కృత్రిమ మసెల్‌ను ప్రకటించింది. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో లోహాలను పట్టే రెసిన్, దానికి రెండు వైపులా నీటిలోని లోహాన్ని నెమ్మదిగా లోపలికి వదిలే జెల్. అంతే పరికరం. నీటిలో వేలాడదీసి వారాల తర్వాత తీసి రెసిన్‌ను కడిగితే, ఆ రోజుల్లో చేరిన లోహం లెక్క తేలుతుంది. అది చావదు, గుడ్లు పెట్టదు, మురుగును చూసి నోరు మూసుకోదు. అంతకుముందు 1994లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డీజీటీ పరికరం కూడా ఇలాంటి సూత్రం మీదే పనిచేస్తుంది. ఇవి ఒంట్లో చేరిన లోహాన్ని చూపించలేవు, చేరగల లోహాన్ని చూపిస్తాయి. సముద్రంలో బతికున్న మసెల్, మూసీలో కృత్రిమ మసెల్: ఈ రెంటినీ కలిపి వాడితేనే ఒకే నది కథ పై నుంచి కింది దాకా చదవగలం.

ఆల్చిప్ప ప్రవర్తననే అలారంగా వాడటం ఈ రంగంలో మరో పాయ. వార్సాలో విస్తులా నది నుంచి తాగునీరు తీసే గ్రూబా కాష్కా కేంద్రంలో ఎనిమిది మంచినీటి ఆల్చిప్పలకు సెన్సర్లు అంటించి ఉంచుతారు. అవి చిప్పలు మూసుకుంటే హెచ్చరిక మోగుతుంది. చిప్పలోని పెరుగుదల రేఖలను లేజర్‌తో వరసగా చదివి, ఏ నెలలో ఏ లోహం వచ్చిందో చెప్పే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇలా ఏళ్ల తరబడి కొలవడానికి పెద్ద కొత్త సంస్థ అక్కర్లేదు. ఉప్పల్ రోడ్డులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ నాగోలు వంతెనకు పెద్ద దూరమేమీ కాదు. అక్కడి శాస్త్రవేత్తలు 2008లో కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, జింకు లాంటివి ఎలా పేరుకున్నాయో ప్రచురించారు. అదే నగరంలో, ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ సముద్రాన్ని కనిపెట్టి ఉండే సంస్థ. తీరంలో విశాఖ, కాకినాడ శాస్త్రజ్ఞులున్నారు. నాగోలు, సోలిపేట, వాడపల్లి, పులిచింతల దగ్గర కృత్రిమ మసెల్స్. కృష్ణా ముఖం, కాకినాడ అఖాతం, విశాఖ రేవు దగ్గర ఒక్కో చోట ఒక్కో స్థానిక జాతి. ఏడాదికి రెండుసార్లు, గుడ్లు పెట్టే కాలం తప్పించి, ఒకే సైజు జీవులు. ఎండు, పచ్చి అంకెలు రెండూ, నీటి శాతం, ప్రామాణిక పొడి ఫలితం అన్నీ అందరికీ కనిపించే చోట పెట్టాలి. ప్రతిసారీ సగం నమూనాను లోతైన చలిలో దాచాలి. జర్మనీ 1980ల నుంచి ఉత్తర సముద్రపు మసెల్స్‌ను ద్రవ నత్రజని చలిలో భద్రపరుస్తోంది. అప్పట్లో ఎవరూ పట్టించుకోని పదార్థాలను కూడా ఆ పాత నమూనాల్లోంచే తర్వాతివాళ్లు కొలవగలిగారు. మన నదిలో రేపు ఏ లోహం గురించి అడగాల్సి వస్తుందో ఇవాళ తెలియదు గనక, అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది ఆ చలిపెట్టె.